బొత్తిగా నీరు లేనిది

మొగుళ్ళలో తాగేవాళ్ళుంటారు, పేకాడేవాళ్ళుంటారు, కనీసం గురక పెట్టేవాళ్ళుంటారు. వదిన మొగుడికి ఇవేవీ లేవు. ఆయనకున్నదల్లా అర్థాల పిచ్చి. "కాస్త జరగండి" అంటే "కాస్త అంటే ఎంత?" అంటాడు. "ఇప్పుడే వస్తా" అని వెళ్ళి పావుగంటకి తిరిగొస్తే, 'ఇప్పుడే' అన్న మాటకి గరిష్ఠ పరిమితి ఎంతో గుమ్మంలోనే నిలబెట్టి చెబుతాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ముద్దుగా "మీరంటే నాకు ప్రాణం" అంటే, ఆ వాక్యం శాస్త్రీయంగా నిలవదని అరగంటసేపు నిరూపించాడు. పోనీ, వాదనలో ఎప్పుడైనా ఓడితే ఒప్పుకుంటాడా? ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆ ముచ్చట ఆవిడ ఇంకా చూడలేదు.

కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి, దిండంత లావు రసాయన నిఘంటువు ఒకటి రాశాడు. అందుకే శిష్యులు ఆయన్ని నిఘంటువు మాస్టారు అంటారు. మాస్టారి దృష్టిలో భార్య ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల గుమస్తా. నిజానికి ఆవిడ పేరులేని ఒక ప్రభుత్వ శాఖలో ఇరవయ్యేళ్ళుగా ఏజెంటు. ఇప్పటికి పదకొండుమందిని పైకి పంపింది. ఇద్దర్ని ఆఫీసు టైములో, తక్కినవాళ్ళని ఓవర్‌టైములో.

ఆ శాఖలో అసలు పేర్లు వాడరు. చీఫ్‌ని మామయ్య అంటారు. ఆవిడని వదిన అంటారు. విదేశీ ముఠాని చుట్టాలు అంటారు. ఫోను దొంగచాటుగా వినేవాడెవడైనా, ఇదేదో ఇంటి గోలలే అనుకుని ఆవలించి పెట్టేసేవాడు.

ఆరోజు పొద్దున్న ఏడూ పదికి ఫోను మోగింది.

"అమ్మాయ్, కుట్టుమిషన్లో దారం తెగింది."

"ఏ రంగు దారం?"

"తెల్లది. తొందరగా రా."

తెల్లదారం అంటే సాక్షి. తెగిందంటే చెప్పక్కర్లేదు. వదిన గ్యాసు కట్టేసి, కోటు తగిలించుకుని, "ఇప్పుడే వస్తానండీ" అంది. లోపల్నించి "ఎన్నింటికి?" అని వినిపించేలోపే మెట్లు దిగేసింది.

శాఖ హెడ్ ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ఉంది. ఆవిరి పొగల మధ్య మామయ్య ఎవరిదో తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఆయన ఇస్త్రీ చేస్తూనే బ్రీఫింగ్ ఇస్తాడు. ఆ బల్లమీద ఒక ఫొటో పెట్టాడు.

"ప్రభుత్వ ల్యాబ్ సైంటిస్టు. నిన్న సాయంత్రం లిఫ్టు ఎక్కాడు. కింది అంతస్తులో తలుపు తెరిస్తే మెడ సగం తెగి ఉంది."

"ఉక్కుతీగా?"

"ఉక్కుతీగే. దర్జీ పని."

దర్జీ అంటే చుట్టాల హంతకుడు. కొలత తీసినట్టు వెనకనుంచి వచ్చి మెడకి తీగ చుడతాడు. వదిన ఫొటోని తిరగేసి పెట్టింది.

"పోర్టులో డ్రమ్ముల సంగతేగా?"

"ఆ. నలభై డ్రమ్ములు. ఏడో నంబరు పొడి. బట్టల రంగులకి వాడతారు కాబట్టి చట్టంలో నిషేధం లేదు. చుట్టాల దగ్గరున్న ఇంకో మందుతో కలిపితే మాత్రం విషవాయువు. ఒక్క డ్రమ్ము చాలు, ఒక పేట ఖాళీ. ఆ మందు ఎక్కడ దాచారో మనకింకా దొరకలేదు. దొరికేదాకా డ్రమ్ములు కదలకూడదు."

"కదలకుండా ఆపింది పేటెంటు దావా."

"అదొక్కటే దొరికింది మరి. ఆ పొడిమీద మన ల్యాబ్‌కి పేటెంటుంది. ఏడో నంబరుని అన్‌హైడ్రస్ రూపంలో ఎవరు తయారుచేసినా మన అనుమతి కావాలని మన హక్కు ఇదీ అని చెప్పే ఒకటో క్లెయిములో రాసుంది. ఆ వంకతో కోర్టు సీలు వేయించాం. సీలు గడువు ఇవాళ పన్నెండింటికి తీరిపోతుంది. లారీలు పోర్టు గేటు బయట ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి."

"వాళ్ళ వాదనేమిటి?"

"వాళ్ళ డ్రమ్ముల్లో నూటికి పాయింట్ నాలుగు పాళ్ళు నీరుందిట. నీరుంటే అన్‌హైడ్రస్ కాదు, కాబట్టి మన క్లెయిము కిందకి రాదు, కాబట్టి సీలు తీసెయ్యండి అంటున్నారు. ఆ కాస్త నీరున్నా అన్‌హైడ్రసే అని చెప్పాల్సినవాడు నిన్న లిఫ్టులో పోయాడు."

"ఇంకో సాక్షి లేడా?"

మామయ్య ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బల్ల కింద నుంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ఆ అట్ట వదినకి బాగా తెలుసు. వాళ్ళింట్లో గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేది ఆ పుస్తకమే.

మామయ్య వేలు పెట్టి చదివాడు. "అన్‌హైడ్రస్. నిర్జలము. నీరు బొత్తిగా లేనిది." పుస్తకం మూశాడు. "చుట్టాల లాయరు కేసంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. మీ ఆయన బతికుంటే, కోర్టుకొచ్చి ఈ వాక్యం తప్పని చెప్పే అవకాశముంది. పోతే పుస్తకం ఒక్కటే మిగులుతుంది. పుస్తకాన్ని ఎవరూ క్రాస్ ఎగ్జామిన్ చెయ్యలేరు."

వదిన ఆ పుస్తకాన్ని పక్కకి తోసింది.

"మామయ్యా, ఆయన్ని పదకొండున్నరకి కోర్టులో కేసు పిలిచేదాకా బతికించమంటే బతికిస్తాను. తప్పని ఒప్పించమంటే మాత్రం ఇంకో ఏజెంటుని చూసుకోండి."

"రెండూ నీ డ్యూటీయే అమ్మాయ్." మామయ్య ఒక జడపిన్ను, ఒక లిప్‌స్టిక్కు ముందుకి తోశాడు. "పిన్ను గుచ్చితే నాలుగు సెకన్లు. లిప్‌స్టిక్కు రేడియో. పూసుకోకు, చాలామంది పూసుకున్నారు. మరదలు కారేసుకుని మీ సందు చివర ఉంటుంది."

మరదలు అంటే చుట్టాల లాయరు ఆఫీసులో సెక్రటరీగా దూరి, మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంటు. ఆవిడకి మూడు పాస్‌పోర్టులు, ఏ వయసు చెప్పినా నమ్మించే మొహం. ఆవిడ నవ్వితే రెండు దేశాల్లో బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయని శాఖలో చెప్పుకుంటారు. శాఖలో మగవాళ్ళంతా ఆవిడని నమ్ముతారు. అది ఒక్కటే వదినకి నచ్చని విషయం.

*

ఎనిమిదీ ఇరవైకి వదిన తన ఫ్లాటు తలుపు తీసేసరికి, వంటగదిలోంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది.

"స్వచ్ఛమైన అంటే? నీ ఉద్దేశంలో స్వచ్ఛమైన అంటే ఏమిటి?"

"అంటే, సార్, మంచి నీళ్ళు."

"మంచి నీళ్ళలో లవణాలుంటాయి. లవణాలుంటే స్వచ్ఛం కాదు. నీ కంపెనీ కరపత్రంలో నూటికి నూరు అని రాశారే, ఆ నూరో వంతు ఎవరు కొలిచారు?"

వాటర్ ఫిల్టర్ మెకానిక్ యూనిఫారం వేసుకున్న మనిషి ఒకడు సింకు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో సన్నటి తీగచుట్ట. మొహం చూస్తే ఏడుపు ఒక్కటే తక్కువ. పాపం, పది నిమిషాలుగా మాస్టారు వీపు తిప్పితే బాగుండునని ఎదురుచూస్తున్నాడు. మాస్టారు వాదిస్తున్నప్పుడు ఎవరికీ వీపు చూపించడు.

"ఏమోయ్, వచ్చావా?" అంటూ మాస్టారు గుమ్మం వైపు తిరిగాడు.

తీగ గాలిలో మెరిసింది. మాస్టారి మెడ చుట్టూ పడింది.

వదిన రెండంగల్లో వంటగది దాటింది. మెడకీ తీగకీ మధ్య ఎడమచెయ్యి దూర్చింది. తీగ అరచేతిలోకి దిగిపోయి ఎముకకి ఆనింది. కుడిచేత్తో పొయ్యిమీది ఇనప మూకుడు అందుకుని దర్జీ చెవి మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకి ఏదో విరిగిన చప్పుడైంది. తీగ వదులైంది. మాస్టారు దగ్గుతూ మోకాళ్ళమీద పడ్డాడు.

దర్జీ కిందపడలేదు. రక్తం కారుతున్న కంటితో ఆవిడని చూసి పళ్ళు బయటపెట్టాడు. తలతో ఆవిడ కడుపులో పొడిచి గోడకి నొక్కేశాడు. ఫిల్టర్ ఊడి గొట్టంలోంచి నీళ్ళు చిమ్మాయి. మోకాలి నొప్పికి ఆవిడ వారంలో రెండుసార్లు వ్యాయామం చేస్తుంది. ఆ మోకాలే వాడి గడ్డం కింద తగిలింది. తడినేల మీద వాడి కాళ్ళు జారాయి. పట్టు కోసం ఫ్రిజ్ పిడి లాగాడు, తలుపు తెరుచుకుని తల లోపల పడింది. వదిన ఫ్రిజ్ తలుపు పట్టుకుని బలంకొద్దీ వేసింది. మళ్ళీ తీసి వేసింది. నాలుగోసారికి కాళ్ళు కొట్టుకోవడం ఆగిపోయింది.

నీళ్ళ చప్పుడొక్కటే మిగిలింది.

"అతను మెకానిక్ కాదా?" అన్నాడు మాస్టారు బొంగురుగొంతుతో.

"కాదు."

"నువ్వు ఇన్సూరెన్సులో..."

"కాదండీ."

"మరి ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం అంటే అర్థమేమిటో దారిలో చెబుదురుగాని. ముందు బూట్లేసుకోండి." వదిన చేతికి వంటగుడ్డ చుట్టుకుంది. ఇల్లు తిరిగొచ్చాక తుడవాల్సిన పని తలుచుకుంటే ఆవిడకి అప్పుడే నీరసం వచ్చింది.

*

సందు చివర బూడిదరంగు కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర నల్లకళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు.

"నీలం దారం దొరుకుతుందా?" అంది వదిన కిటికీలోకి వంగి.

"నీలం అయిపోయింది. ఊదా ఉంది," అంది మరదలు. నవ్వి, తలుపు తీసింది. "అన్నయ్యగారా! మీ పుస్తకం మా ఆఫీసులో అందరి బల్లమీదా ఉందండీ."

మాస్టారి మొహం విప్పారింది. మెడ చుట్టూ ఎర్రటి గీత ఉన్నా ఆయనకి ఆ క్షణంలో నొప్పి గుర్తులేదు.

కారు కదిలాక వదిన విషయం అంతా చెప్పింది. డ్రమ్ములు, విషవాయువు, లిఫ్టులో చనిపోయినాయన, పన్నెండింటి గడువు. చెప్పి, చివరికి మెల్లగా అంది: "కోర్టులో మీరు ఆ వాక్యం తప్పని చెప్పాలి."

"ఏ వాక్యం?"

"నీరు బొత్తిగా లేనిది."

"అది తప్పెలా అవుతుంది? అన్ అంటే లేని. హైడ్రస్ అంటే నీరుగల. నాలుగు ముద్రణలయ్యాయి. ఒక్క అక్షరం మార్చలేదు. చంపుతారని చెప్పి మాటకి అర్థం మార్చమంటావా?"

"ఊళ్ళో జనం పోతారండీ."

"జనం కోసం అబద్ధమాడమంటే ఆడతాను. కానీ ప్రమాణం చేయించి, ఒప్పా తప్పా అనడిగితే, ఒప్పునే ఒప్పంటాను. నీకేం తెలుసు, క్లెయిముల గుమస్తావి."

"నేను గుమస్తాని కాదని ఇప్పుడేగా తెలిసింది!"

అద్దంలో మరదలు నవ్వుతోంది. చాలా ప్రశాంతంగా, రద్దీలో ఎవరికీ హారన్ కొట్టకుండా నడుపుతోంది. వదిన ఆ నవ్వుని చూసి, దారి మార్చమంది.

"కోర్టుకి టైముంది. ల్యాబ్ పైలట్ ప్లాంటుకి పోనీ."

"ఎందుకు వదినా?"

"ఈయన అర్థం రాసిన వస్తువుని ఈయనకి ఒక్కసారి చూపిద్దాం."

*

పైలట్ ప్లాంటు అంటే ల్యాబ్‌వాళ్ళు సరుకుని కొద్దికొద్దిగా తయారుచేసి చూసే ఎత్తైన రేకుల షెడ్డు. మధ్యలో మనిషి ఎత్తు ఉక్కు డ్రయ్యర్లు గుయ్యిమంటున్నాయి. ఆపరేటరు అరవయ్యేళ్ళవాడు, కనుబొమ్మలు ఎప్పుడో కాలిపోయి మళ్ళీ మొలవలేదు. కళ్ళద్దాలు నుదుటిమీదకి తోసుకుని, మాస్టారిని చూసి లేచి నిలబడ్డాడు.

"మీ ఫొటో పుస్తకం వెనక చూశాను సార్."

"మీ సైంటిస్టుగారు..." మొదలుపెట్టింది వదిన.

"తెలిసిందమ్మా." ఆయన చేతితొడుగులు వేసుకున్నాడు. "ఇరవైరెండేళ్ళు ఆయన దగ్గర చేశాను."

వదిన ఏం కావాలో చెప్పింది. ఆపరేటరు డ్రయ్యర్ తెరిచి, మూతపెట్టిన గాజు సీసా పటకారుతో తీశాడు. గాజు గిన్నెలాంటి డెసికేటరులో పెట్టి చల్లారనిచ్చాడు. దాని అడుగున తేమని పీల్చే తెల్లటి మందు పరిచి ఉంది. చల్లారాక సీసా మూత తీసి, చెంచాడు పొడి సున్నితపు త్రాసు మీద పెట్టి, దాని అద్దాల తలుపులు మూశాడు.

"చూడండి సార్. ఇంతకన్నా ఎండబెట్టడం ఈ దేశంలో ఎవరివల్లా కాదు."

త్రాసు మీద అంకెలు వెలిగాయి. రెండు గ్రాములు. చివరి అంకె ఒకటి పెరిగింది. మళ్ళీ మూడు పెరిగింది. మాస్టారు ముందుకి వంగాడు. అంకె ఇంకా తొందరగా పెరిగింది.

"తలుపు సరిగా పడలేదు," అన్నాడు మాస్టారు.

"పడింది సార్. గదిలో గాలి తాగుతోంది. మీరు దగ్గరికొస్తే సందుల్లోంచి మీ ఊపిరి కూడా తాగుతోంది."

మాస్టారు ఊపిరి బిగపట్టాడు. అంకె ఆగలేదు.

"ముప్పయ్యేళ్ళుగా ఆరబెడుతున్నాను. బొత్తిగా లేనిది నేను చూళ్ళేదు సార్. సీసాలో పోసేలోపే కాస్త ఎక్కేస్తుంది. అందుకే ఈ పని చేసేవాళ్ళమంతా అర శాతం లోపుంటే అన్‌హైడ్రస్ అంటాం. ఏ కంపెనీ సీసామీదైనా అంతే. పేటెంటులో మూడో ఉదాహరణ చదివారా? తేమ అర శాతం లోపుకి వచ్చేదాకా ఆరబెట్టి, ఆ అన్‌హైడ్రస్ పొడిని వెంటనే మూతపెట్టాలి అని ఉంటుంది. ఆయనే రాశాడు, ఇక్కడే, ఈ బల్లమీదే."

మాస్టారు అంకెల మీంచి కళ్ళు తిప్పలేదు.

"మీ పుస్తకంలో ఆ మాట చూసి మేం నవ్వుకున్నాం," అన్నాడు ఆపరేటరు, మొహమాటంగా. "ఆయన నవ్వలేదు. మీకు ఉత్తరం రాశాడు."

"వచ్చింది," అన్నాడు మాస్టారు.

"జవాబు రాలేదన్నాడు."

"రాయలేదు." మాస్టారు జేబురుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "నాలుగు పేజీల ఉత్తరం. సొరుగులో పెట్టేశాను. ఆయన నన్ను సరిదిద్దాడని కోపం వచ్చింది."

 అప్పుడు వదినకి అర్థమైంది, కారులో మరదలు అంత ప్రశాంతంగా ఎందుకుందో. మాస్టారు మొండిగా ఉన్నంతసేపూ ఆయన్ని చంపాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇప్పుడొచ్చింది.

ఆవిడ తిరిగేసరికి మరదలి చేతిలో సైలెన్సరు పిస్తోలు ఉంది.

"వద్దనుకున్నాను వదినా. అన్నయ్యగారు తన మాట మీదే నిలబడుంటే చక్కగా కోర్టు దగ్గర దింపేసేదాన్ని."

"దర్జీని పంపింది నువ్వేనా?"

"అడ్రసు ఇచ్చింది నేను. ఇద్దరూ ఒకే ముహూర్తానికి పిలిస్తే ఏదో ఒక పెళ్ళికే వెళ్ళగలం కదా."

పిస్తోలు దగ్గినట్టు చప్పుడు చేసింది. ఆపరేటరు మాస్టారిని పక్కకి తోశాడు. గుండు ఆయన భుజంలో దిగింది. త్రాసు మీదకి రక్తం చింది, అంకెలు పిచ్చెక్కినట్టు తిరిగాయి. మరదలు నిలబడిన చోట, సరిగ్గా నెత్తిమీద, ఒంటిమీద రసాయనాలు పడితే కడుక్కునే ఎమర్జెన్సీ షవరు ఉంది. వదిన ఎగిరి దాని గొలుసు లాగింది.

బిందెలకొద్దీ నీళ్ళు ఒక్కసారి కురిశాయి. నల్లకళ్ళద్దాలు జారిపోయాయి. మరదలు తడికళ్ళు చికిలించుకునేలోపు, వదిన డెసికేటరు అడుగున ఉన్న తెల్లమందు పళ్ళెంతో సహా ఎత్తి ఆ మొహాన కొట్టింది.

నీటిచుక్క కోసం కాచుక్కూర్చున్న మందు అది. బుస్సుమని పొగ లేచింది. మరదలు వేసిన కేక డ్రయ్యర్ల మోతని మించిపోయింది. గుడ్డిగా రెండుసార్లు కాల్చింది. మొదటిది రేకుకి తగిలింది. రెండోది వదిన డొక్కలోంచి దూసుకుపోయింది.

వదిన కిందపడలేదు. పడితే మళ్ళీ లేవడం కష్టమని ఆవిడకి తెలుసు. తూలుతూనే మీదకి వెళ్ళి, పిస్తోలు చేతిని డ్రయ్యర్ తలుపు సందులో పెట్టి తలుపు మూసేసింది. ఎముకలు చిట్లాయి. కొప్పులోంచి పిన్ను తీసి మరదలి మెడలో గుచ్చి, మనసులో లెక్కపెట్టింది. మామయ్య చెప్పింది నిజమే. నాలుగు అనేసరికి తల వాలిపోయింది.

లిప్‌స్టిక్కు మూత తిప్పింది. "మామయ్యా, మరదలు పోయింది. అంబులెన్సు పంపండి, ఆపరేటరుకి."

"నీకు?"

"నాకు కోర్టు పని ఉంది."

ఆవిడ స్కార్ఫు మడిచి డొక్కలో కుక్కుకుని, కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుంది. మాస్టారు ఆపరేటరు భుజాన్ని తన చొక్కాగుడ్డతో అదిమిపట్టుకుని ఉన్నాడు. ఆయన చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి.

"వెళ్ళండి సార్," అన్నాడు ఆపరేటరు పళ్ళు బిగబట్టి. "వెళ్ళి ఆయన మాట చెప్పండి."

*

పదకొండూ నలభైకి మాస్టారు బోనెక్కాడు. ల్యాబ్ లాయరు ఆపరేటరు చెప్పిందంతా ఆయన నోట చెప్పించాడు. తరవాత చుట్టాల లాయరు లేచాడు. వెండిజుట్టు, మెత్తటి గొంతు. చేతిలో ఆ దిండంత పుస్తకం.

"మాస్టారూ, ఈ పుస్తకం మీదేనా?"

"నాదే."

"అన్‌హైడ్రస్ అనే మాటకి మీరేం రాశారో చదవండి."

"నీరు బొత్తిగా లేనిది."

"ఎన్ని ముద్రణలు?"

"నాలుగు."

"ఒక్క అక్షరమైనా మార్చారా?"

"లేదు."

"అంటే ఇరవయ్యేళ్ళుగా మీరు ఇది ఒప్పనే నమ్మారు. ఇవాళ పొద్దున్న ఎవరో ఏదో చూపిస్తే మారిపోయిందా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఆ నిర్వచనాన్ని విస్తృతమైన అర్థంలో తీసుకుని, సందర్భాన్ని బట్టి..."

వెనక బెంచీలో వదిన కళ్ళు మూసుకుంది. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడకి తెలిసిన దారే అది. 'విస్తృతమైన అర్థం' అన్నాడంటే ఇక గంటన్నర.

జడ్జిగారు గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ యాభైనాలుగు. "మాస్టారూ, పన్నెండుకి నేను సీలు పొడిగించాలి, లేదా వదిలెయ్యాలి. మీరు రాసిన వాక్యం ఒప్పా, తప్పా? ఒక్క మాట చాలు."

 వదిన పక్కన కూర్చున్న బూడిదరంగు సూటువాడు జేబులోంచి పెన్ను తీశాడు. మూత తియ్యలేదు. మొన బోను వైపు తిప్పాడు. మూత పెట్టి రాసే పెన్నుకి వెనకవైపు మీట ఉండదు. వదిన కుడిచేత్తో వాడి నోరు మూసి, వంటగుడ్డ చుట్టిన ఎడమచేత్తో వాడి వేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి వంచింది. చూపుడువేలు. నడిమివేలు. ఉంగరంవేలు. పెన్ను ఆవిడ ఒళ్ళో పడింది. దాన్నే తిప్పి వాడి పక్కటెముకల్లో పెట్టి మీట నొక్కింది. వాడు కునుకు పట్టినవాడిలా ముందు బెంచీ మీదకి వాలాడు. నిశ్శబ్దం పాటించవలెను అని గోడమీద రాసి ఉంది. ఆవిడ పాటించింది.

బోనులో మాస్టారు వదిన వైపే చూస్తున్నాడు. ఆయన మెడమీది తీగ గీత నల్లబడింది. చొక్కా చేతులకి ఆపరేటరు రక్తం ఎండిపోయి ఉంది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. డ్రయ్యర్ తలుపు ఎత్తినా అంత కష్టం కనబడేది కాదు.

"తప్పు," అన్నాడు.

లాయరు వెండిజుట్టు కదిలింది. "ఏమన్నారు?"

"నేను రాసింది తప్పండీ. ఆ పొడిని ఆరబెట్టేవాళ్ళని ఒక్కరినీ అడక్కుండా, ఇంట్లో బల్లదగ్గర కూర్చుని రాశాను. మాట నాది కాదు, పని చేసేవాళ్ళది. పేటెంటులో అన్‌హైడ్రస్ అంటే ఏమిటో, ఆ పేటెంటు రాసినాయనే మూడో ఉదాహరణలో చెప్పాడు. అర శాతం లోపు. నాకు నాలుగు పేజీల ఉత్తరం కూడా రాశాడు. నేను జవాబివ్వలేదు. ఆయన ఒప్పు, నేను తప్పు."

పదకొండూ యాభైఎనిమిది. జడ్జిగారు పెన్ను అందుకుంది.

"మేడమ్," అంది స్టెనోగ్రాఫర్ భయంభయంగా. "సాక్షిగారి మైకు మధ్యలో ఆగిపోయిందండీ. ఆఖరి జవాబు రికార్డు కాలేదు. రికార్డులో లేకపోతే ఆర్డరు నిలవదు."

చుట్టాల లాయరు మొహంలోకి రంగు తిరిగొచ్చింది. అంతమంది ముందు, అంత మాట, రెండోసారి ఏ మగాడు అంటాడు?

మైకు మీద ఎర్రలైటు వెలిగింది. మాస్టారు దాని దగ్గరికి వంగాడు. గడియారంలో పెద్దముల్లు పన్నెండుని ముట్టుకోబోతోంది.

"నేను రాసింది తప్పు," అన్నాడు, వరండాలో ఉన్న లాయర్లు కూడా తొంగిచూసేంత గట్టిగా.

జడ్జిగారి సంతకం పడింది. పోర్టు గేటు దగ్గర లారీల ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయని లిప్‌స్టిక్కులో మామయ్య గొంతు చెప్పింది. "శభాష్ అమ్మాయ్! ఆస్పత్రికి కారు పంపుతున్నాను. ఇంకేమైనా కావాలా?"

"ఆ రికార్డింగుకి సర్టిఫైడ్ కాపీ," అంది వదిన, గోడ పట్టుకుని లేస్తూ. "రెండు తియ్యమనండి. ఒకటి ఇంట్లో ఉంటే పోవచ్చు."